ఖాళీ డొక్కతో పడుకోబెట్టరాదు

మినోబె గారికి లోకంలో ఒకే ఒక్క పట్టింపు ఉండేది: దేన్నీ ఖాళీ డొక్కతో పడుకోబెట్టకూడదు.

ఇది మనుషుల సంగతి కాదు, ఆటతుపాకుల సంగతి. నక్కలోయ ఆటస్థలానికి ఆదివారం ఆదివారం బ్యాంకు ఉద్యోగులూ, పళ్ళ డాక్టర్లూ, చేపల కొట్టువాళ్ళూ వస్తారు. రెండు జట్లుగా చీలి, దేవదారు చెట్ల చాటున నక్కి, ఒకరి మీద ఒకరు ప్లాస్టిక్ గోళీలు పేల్చుకుంటారు. ఆ తుపాకులకు మందుగుండు ఉండదు, గ్యాసే ఊపిరి. పిడిలోకి దూర్చే ఇనప పెట్టెలోనే గోళీలూ ఉంటాయి, గ్యాసూ ఉంటుంది. దాన్ని లోకమంతా మ్యాగజైన్ అంటుంది. మినోబె గారు మాత్రం డొక్క అనేవారు.

"ఆట అయిపోయాక డొక్కలో ఒక్క గుక్క గ్యాసు మిగల్చాలి. లేకపోతే లోపలి రబ్బరు వాషరు ఎండిపోద్ది. ఎండితే బీటలిస్తది. బీటలిస్తే కారతది. అలాగని గొంతుదాకా పట్టించి దాచకూడదు. గొంతుదాకా తిని పడుకుంటే నీకేమవుద్ది? దానికీ అదే అవుద్ది."

ఈ ఉపదేశం నక్కలోయలో అందరికీ కంఠతా వచ్చు. చేపల కొట్టు వరాబి అయితే ఆయన గొంతు పెట్టి, ఆయనలాగే చూపుడువేలు ఊపుతూ అప్పజెప్పేవాడు. ఒకసారి అలా అప్పజెబుతుండగా మినోబె గారు వెనకే నిలబడి అంతా విని, "సిలికాన్ నూనె చుక్క సంగతి మర్చిపోయావు. మళ్ళీ మొదట్నుంచి చెప్పు," అన్నారు.

ఆటస్థలం ఇసాకి మిచిరుది. తండ్రి తర్వాత ఆమే నడుపుతోంది. మినోబె గారిని ఆమె పనిలో పెట్టుకోలేదు, ఆమె తండ్రీ పెట్టుకోలేదు. ఆయన్ని ఆయనే పెట్టుకున్నారు. కింద పట్నంలో ఆయనకు తాతల నాటి స్నానశాల ఉండేది. ఇంటింటికీ స్నానాల గదులొచ్చి జనం తగ్గిపోతే, చివరికి దాన్ని మూసేశారు. అక్కడి చెక్కపీటలు నక్కలోయలో కూర్చోడానికి పనికొస్తాయని బుల్లి ట్రక్కులో వేసుకుని ఇవ్వడానికొచ్చారు. ఆ సమయానికే ఎవరో కుర్రవాడు ఇసక పట్టిన తుపాకీని తుడవకుండా, డొక్క కూడా తీయకుండా సంచిలో కుక్కేస్తున్నాడు. మినోబె గారు అది చూడలేకపోయారు. "ఇటియ్యి బాబూ," అని తాను తెచ్చిన పీటల్లో ఒకటి వాల్చుకుని కూర్చున్నారు. మరి లేవలేదు.

అప్పట్నుంచీ సామాన్ల గది గుమ్మంలో, స్నానశాల గల్లా దగ్గర కూర్చున్నట్టే ఎత్తుపీట మీద కూర్చునేవారు. ఆయన్ని దాటకుండా ఒక్క తుపాకీ లోపలికి పోయేది కాదు.

"డొక్క తీశావా?"

"తీశానండీ."

"నేలకేసి ఒకసారి ట్రిగ్గరు ఉత్తిగా నొక్కు. గొట్టంలో గోళీ మిగిలుందేమో."

"ఇందాకే నొక్కానండీ."

"నేను చూళ్ళేదుగా. నొక్కు. ఊఁ. గొట్టానికి గుడ్డ పెట్టు. వంటింటి నూనె కాదు, యంత్రాల నూనె కాదు, ఈ సీసాలోది. ఒక్క చుక్క. ఒక్క చుక్కంటే ఒక్క చుక్కే! పచ్చడిలో పోస్తున్నావా?"

ఎండాకాలం వస్తే ఆయన పీట దిగి కార్ల మధ్య తిరిగేవారు. ప్రతి కారు మీదా అరచెయ్యి ఆనించి, అద్దంలోంచి లోపలికి తొంగిచూసేవారు. కొత్తగా చేరిన పళ్ళ డాక్టరొకాయన ఆట మధ్యలో ఉండగా, ఆయన కారు ముందు సీట్లో ఎండకు గ్యాస్ డబ్బా కనపడింది. మినోబె గారు గోళీలు ఎగురుతున్న మైదానం మధ్యకు, కళ్ళకు రక్షణ అద్దాలు పెట్టుకుని, చేతిలో తెల్ల తువ్వాలు ఊపుతూ నడిచి వెళ్ళిపోయారు. రెండు జట్లూ ఆగిపోయాయి. ఎవరికో దెబ్బ తగిలిందనుకుని మిచిరు పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది బాబాయ్ గారూ?"

"డాక్టరు గారు బిడ్డను ఎండలో వదిలేసి వచ్చారు."

డాక్టరు మొహం పాలిపోయింది. "నాకు పిల్లల్లేరే!" అన్నాడు.

"గ్యాస్ డబ్బా పిల్ల కాదా అండీ? ఎండకు అది ఉబ్బుద్ది, ఉబ్బి పగులుద్ది. పళ్ళు పీకేటప్పుడు నన్ను మీరెంత జాగ్రత్తగా కూర్చోబెడతారు? దాన్నీ అలాగే నీడన కూర్చోబెట్టండి."

చలికాలంలో సంగతి వేరు. చలికి గ్యాసు ముడుచుకుని తుపాకీ దగ్గుతున్నట్టు పేలుతుంది. అలా దగ్గుతోందని వరాబి ఒక మంచురోజున తన డొక్కను తీసుకెళ్ళి కిరసనాయిలు పొయ్యి మీద పెట్టాడు. మినోబె గారు పీట మీంచి ఎలా ఎగిరారో ఎవరికీ తెలియదు. తువ్వాలుతో దాన్ని అందుకుని బయటికి ఉరికి మంచులో పెట్టి, తిరిగొచ్చి వరాబి ఎదుట నిలబడ్డారు.

"అది పేలి నీ పళ్ళు ఊడితే కట్టడానికి డాక్టరు గారున్నారు. డాక్టరు గారి పళ్ళే ఊడితే ఎవడు కడతాడు? నువ్వు కడతావా, చేప ముళ్ళతో?"

"చలికి పనిచెయ్యట్లేదు పెద్దాయనా! ఏం చెయ్యమంటావు?"

"దానికి కావాల్సింది వెచ్చదనం. వేడి కాదు. స్నానశాల నడిపినవాణ్ణి, ఈ రెంటికీ తేడా నాకు తెలుసు. వేడి మనిషిని అదరగొడుతుంది. వెచ్చదనం కూర్చోబెడుతుంది."

మరుసటి ఆదివారం ఆయన పొట్ట చుట్టూ ఉన్ని పట్టీ కట్టుకొచ్చారు. అందులో వరసగా డొక్కలు. నడుస్తుంటే గంటల మెడపట్టెడ కట్టుకున్న ఎద్దులా గలగలమనేవారు. "మనిషి పొట్ట ఎన్నడూ మరగదు. దీన్ని మించిన పొయ్యి లేదు," అని ఆయన సిద్ధాంతం. ఆటకు వెళ్ళేముందు జనం ఆయన ముందు వరస కట్టేవాళ్ళు.

"బాబాయ్, నాది ఉడికిందా?"

"ఉడకడమేంట్రా? పొదుగుతున్నా."

ఆ పట్టీయే ఆయన్ని చెల్లెలి కూతురి పెళ్ళిలో నవ్వులపాలు చేసింది. మగపెళ్ళివారి పెద్దకు నడుం వంచి నమస్కరించేసరికి, పట్టీలోంచి ఒక డొక్క జారి నేల మీద ఠంగున పడింది. వియ్యంకుడు దాన్ని రెండు వేళ్ళతో పైకి తీసి, "ఇదేమిటండీ?" అన్నాడు.

"డొక్కండీ. నిన్న కొత్త వాషరు వేశాను. కారుతుందో లేదో కనిపెట్టి చూడాలి. చెవి దగ్గర పెట్టుకుంటే తెలుస్తుంది. కారితే పాము బుసలా వినపడుద్ది."

పెళ్ళికొడుకు తాతకు చెవుడు. ఆయనే ముందు చెవి దగ్గర పెట్టుకుని, "నాకేం వినపళ్ళేదు, బాగానే ఉన్నట్టుంది," అని పక్కాయనకు ఇచ్చాడు. భోజనాలయ్యేలోపు అది బల్లలన్నీ తిరిగింది. ఆ రాత్రి మినోబె గారి భార్య కజుఎ మిచిరుకు ఫోన్ చేసి, "అమ్మా, ఆ తుపాకులతోపాటు ఈ మనిషిని కూడా మీ గదిలోనే పెట్టి తాళం వేసుకోండి. ఒక చుక్క నూనె నేనే పంపుతాను," అంది.

మిచిరు నవ్వింది కాని, ఆ సామాన్ల గదే ఆమెకు తలనొప్పిగా తయారైంది. ఈ మధ్య ఆటకు ఆడవాళ్ళు బాగా వస్తున్నారు. బట్టలు మార్చుకోడానికి గది లేక కార్ల అద్దాలకు తువ్వాళ్ళు కట్టుకుని అవస్థ పడుతున్నారు. గది కావాలని వాళ్ళు అడిగారు, అడగవలసిన మాటే. ఇవ్వగలిగింది ఆ సామాన్ల గది ఒక్కటే. రోజూ వాడే సామాను ఎక్కడైనా సర్దుకోవచ్చు. సర్దలేనిది లోపలి గోడకున్న అలమార.

దాని నిండా రాని మనుషుల తుపాకులు. ఒకడికి వేరే ఊరు బదిలీ అయింది. ఒకడికి నడుం పట్టేసింది. ఒకడి సంసారం చెడింది. ఇంకొందరు ఏ కారణమూ లేకుండానే, వచ్చే ఆదివారం వద్దాంలే అనుకుంటూ రావడం మానేశారు. తుపాకులు మాత్రం ఉండిపోయాయి. మినోబె గారు వాటిని వంతులవారీగా దింపి, తుడిచి, చుక్క నూనె వేసి, బయటికి తీసుకెళ్ళి ఒక గుక్క పట్టించి, మళ్ళీ పడుకోబెట్టేవారు.

"బాబాయ్ గారూ, ఆ అలమార ఖాళీ చెయ్యాలి," అంది మిచిరు ఒకనాడు. "వానలు వెలిసేలోపు అన్నీ పాతసామాన్ల కొట్టుకు ఇచ్చేస్తాను."

"ఇవి పాతసామాన్లు కాదమ్మాయ్. వీటికి మనుషులున్నారు."

"ఉన్నారు, రారు."

"వస్తారు."

"ఎప్పుడొస్తారు?"

"వచ్చినప్పుడు."

"ఆడవాళ్ళు కార్లలో బట్టలు మార్చుకుంటున్నారండీ. వాళ్ళు రాబోయేవాళ్ళు కాదు, వచ్చి నిలబడ్డవాళ్ళు. వాళ్ళకేం చెప్పమంటారు?"

నూనె చుక్క ఎక్కువైతే ఊరంతా వినేలా ఉపన్యాసం ఇచ్చే మనిషి, గుడ్డ తీసుకుని అప్పుడే తుడిచిన తుపాకీని మళ్ళీ తుడవడం మొదలుపెట్టారు. ఎదురుతిరిగి ఉంటే మిచిరుకు తేలికగా ఉండేది.

ఆ వారమే వరాబి ఆమెను పక్కకు పిలిచాడు. "చెప్పకూడదు గాని చెబుతున్నా. బుధవారం బుధవారం పెద్దాయన ఆ అలమారలోంచి ఒక పెట్టె తీసి ట్రక్కులో వేసుకుని ఎటో పోతున్నాడు. ఇక్కడి వంటశాలకు చేపలు దించుతూ నా కళ్ళతో చూశా. నువ్వు అమ్మేలోపు తనే అమ్మేసుకుంటున్నాడేమో."

"నోర్ముయ్యి వరాబి," అంది మిచిరు. అంది కాని ఆ మాట ఆమెకు చేపముల్లులా గొంతులో ఇరుక్కుంది.

తర్వాతి బుధవారం పొద్దున మినోబె గారే ఫోన్ చేశారు. "అమ్మాయ్, నా ట్రక్కు మొరాయించింది. నీ కారు ఖాళీయేనా? ఒక రోగిని చూడ్డానికి వెళ్ళాలి."

"అయ్యో, ఎవరికి బాగోలేదు?"

"ఒక డొక్కకి."

మిచిరు వెళ్ళింది. ఆయన తుపాకీ పెట్టెను తాళం వేసి వెనక పెట్టారు. గ్యాస్ డబ్బాను చల్లసంచిలో చుట్టి కాళ్ళ దగ్గర నీడన ఉంచుకున్నారు. అద్దాలు దించమన్నారు. ఇంకో డబ్బాలో అన్నం ముద్దలూ, సీసాలో చల్లటి బార్లీ నీళ్ళూ ఉన్నాయి. ఎక్కడికని ఆమె అడిగితే, "కుడి పక్కకి," అన్నారు. మళ్ళీ అడిగితే, "ఇప్పుడు ఎడమ పక్కకి," అన్నారు.

కారు ఆగిన ఇంటి తలుపు మీద పేరు చూసి మిచిరు స్టీరింగు వదిలేసింది. హిరుమా.

హిరుమా, ఆయన భార్య సాయో ఒకప్పుడు ఆదివారం తప్పకుండా వచ్చేవాళ్ళు. ఆమెదే గురి. వెనకనుంచి వచ్చి మొగుణ్ణి కొట్టి, అడవంతా మోగేలా నవ్వేది. ఆ నవ్వుతో తాను ఎక్కడున్నదీ శత్రువులందరికీ తెలిసిపోయి మరుక్షణమే తానూ దొరికిపోయేది. ఒక వసంతంలో ఆమెకు జబ్బు చేసింది, ఆకులు రాలేసరికి ఆమె లేదు. హిరుమా ఒక్కసారి వచ్చి సాయో తుపాకీని మినోబె గారి చేతిలో పెట్టి, "ఇంట్లో ఉంచుకోలేను, అమ్ముకోలేను," అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆటకే కాదు, ఉద్యోగానికి కూడా వెళ్ళడం లేదని మిచిరు వింది.

కిటికీ తలుపులన్నీ మూసి ఉన్నాయి. మినోబె గారు గేటు దగ్గర నిలబడి వీధంతా వినేలా అరిచారు.

"హిరుమా గారూ! సాయో గారి డొక్కకి ఆకలేస్తోంది!"

పక్కింట్లో బట్టలు ఆరేస్తున్న పెద్దావిడ, ఇది రోజూ వినే మాటే అన్నట్టు తల ఊపింది. "ఈ వారం ఎలా ఉందండీ దానికి?"

"నీరసంగా ఉందమ్మా."

లోపల్నుంచి గొంతు వినపడింది. "అక్కడ పెట్టి వెళ్ళండి. లోపలికి తీసుకెళ్ళి నేను చూసుకుంటాను."

"లోపలా? పొయ్యి ఉన్న ఇంట్లో గ్యాసు పట్టిస్తావా? నీ ఇంటికి ఏమన్నా అయితే ఈవిడ బట్టలు ఏం కావాలి? బయటికి రావాలి. గాలాడే చోటికి రావాలి."

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. గడ్డం మాసిన హిరుమా చెప్పులు ఈడ్చుకుంటూ మెట్ల మీదికొచ్చాడు. మిచిరును చూసి తల వంచాడు. ఆమె కూడా వంచింది. మాట్లాడే వ్యవధి మినోబె గారు ఇవ్వలేదు. వేలు తడి చేసుకుని పైకెత్తారు.

"ఇక్కడ గాలి లేదు. గేటు దగ్గరికి పద."

గేటు దగ్గర మళ్ళీ వేలెత్తారు. "గాలుంది గాని ఎండ. డబ్బాకి పడదు. ఆ మలుపుదాకా పద."

మలుపు దగ్గర ఎవరో సిగరెట్టు కాలుస్తున్నారు. "నిప్పు! నిప్పు దగ్గరా? పద, పద."

అలా ఆయన గాలి వెతుక్కుంటూ ముందు, హిరుమా సణుక్కుంటూ వెనక నడిచారు. మిచిరు వాళ్ళ వెంట బయల్దేరబోతుంటే పక్కింటావిడ తీగ మీది దుప్పటి పక్కకు తప్పించి చెప్పింది. "మొదట్లో ఆ అబ్బాయి గుమ్మం దాటేవాడు కాదమ్మా. ఓ నెలకి మెట్లదాకా వచ్చాడు. గేటు దాటేసరికి చలికాలం పోయింది. ఇప్పుడు పార్కులో తప్ప గాలి ఎక్కడా లేదంటున్నారు ఈ పెద్దాయన."

మిచిరు గబగబా నడిచి వాళ్ళను అందుకుంది.

పార్కులో ఖర్జూరప్పండు రంగు బెంచీ ఒకటి నీడన ఉంది. హిరుమా డొక్కను తలకిందులు చేసి, డబ్బాను దాని మీద నిలువుగా ఆనించి, ఒక గుక్క పట్టించాడు. చుక్క నూనె వేసి తుడిచాడు. తల దువ్వుకోని మనిషి, చొక్కా గుండీలు సరిగా పెట్టుకోని మనిషి, ఆ పని మాత్రం తడబాటు లేకుండా చేశాడు. "దాని డొక్క నింపి మనం మాడితే ఎలా?" అంటూ మినోబె గారు అన్నం ముద్దలు తీశారు. హిరుమా ఒకటి తిన్నాడు. అడక్కుండానే రెండోది కూడా తీసుకున్నాడు.

మిచిరు ఊరికే ఆ డొక్కను చేతిలోకి తీసుకుంది. చిన్నప్పట్నుంచీ వాటి మధ్య పెరిగినదాయె, చెయ్యి దానంతట అదే చెవి దగ్గరికి పోయింది. సన్నగా బుస. తిప్పి చూసింది. వాషరు లక్షణంగా ఉంది. దాన్ని పట్టి ఉంచే మర మాత్రం కావాలని వదిలినట్టు అర చుట్టు వదులుగా ఉంది.

"బాబాయ్ గారూ, ఈ మర చూశారా, వదులుగా..."

మినోబె గారికి ఉన్నట్టుండి పెద్ద దగ్గు వచ్చింది. ఆ దగ్గుకి సీసా ఒరిగి చల్లటి బార్లీ నీళ్ళన్నీ మిచిరు ఒళ్ళో పడ్డాయి. "అయ్యో అమ్మాయ్! ఉండు, పంపు దగ్గర తువ్వాలు తడిపి తెస్తా," అని ఆయన లేచి వెళ్ళిపోయారు. వెళుతూ ఒక చూపు చూశారు. ఇంతమందిని తిట్టారు గాని, ఎవరినీ ఆయన అలా బతిమాలినట్టు చూడగా మిచిరు ఎరగదు.

పెళ్ళి సందడిలో కూడా పాము బుస కోసం చెవి ఒగ్గే మనిషికి ఇది వినపడకపోదు. వారమంతా ఈ డొక్క ఉండేది ఆయన అలమారలోనే. ఒక గుక్క పడితే నెలల తరబడి ఉండవలసిన గ్యాసు వారం తిరిగేసరికి ఎందుకు అయిపోతోందో, ఆ డొక్కకు ఎందుకు అంత ఆకలో ఆమెకు అప్పుడు అర్థమైంది.

పక్కన హిరుమా నెమ్మదిగా అన్నాడు. "మీరూ చూశారన్నమాట."

"మీకు తెలుసా?"

"సాయో తుపాకీకి వాషర్లు మార్చింది ఎప్పుడూ నేనేనండీ. రెండో వారమే తెలిసింది." జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి చూపించి మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. "బిగిస్తే అరనిమిషం పని."

"మరి బిగించలేదేం?"

"బిగిస్తే ఆయన రావడం మానేస్తారు." హిరుమా పంపు దగ్గర వంగి ఉన్న మినోబె గారి వీపు వైపు చూశాడు. "స్నానశాల మూసేశాక పాపం ఆయనకి మనుషులు కరువైపోయారు. ఇంట్లో కూడా పలకరించే దిక్కు ఉన్నట్టు లేదు. ఇక్కడికొచ్చి నాలుగు మాటలు మాట్లాడి, నన్ను నాలుగు తిట్టి వెళితే, ఆ వారానికి ఆయన ప్రాణం కుదుటపడుతుంది. నాకు మాత్రం రావాలని ఉంటుందా ఈ పార్కుకి? ముసలాయన కోసం ఓర్చుకుంటున్నా."

మిచిరు కళ్ళ ముందు మినోబె గారి ఇల్లు మెదిలింది. భార్య, ఇద్దరు కొడుకులు, కోడళ్ళు, ఎవరి పిల్లలెవరో ఆయనకే గుర్తుండని మనవల గుంపు. పొద్దున్నే మొహం కడుక్కోడానికి ఆ ఇంట్లో తన వంతు రాదనే ఆయన నక్కలోయకు అంత పెందలాడే వస్తారు.

"అవునండీ," అంది మిచిరు. "పాపం."

తిరుగుదారిలో వానలో తడిసిన వరిచేలు అటూ ఇటూ వెనక్కి పోతున్నాయి.

"అలమారలో మిగతావాళ్ళు కూడా ఇంతేనా?" అని ఆమె అడిగింది.

"అందరూ కాదులే. కొందరు ఫోను ఎత్తరు. కొందరు ఎత్తి తిడతారు." మినోబె గారు కాళ్ళ దగ్గరున్న చల్లసంచిని సర్దుకున్నారు. "చూడమ్మాయ్, 'నువ్వు బాగున్నావా?' అని ఫోను చేస్తే ఎవడైనా ఏమంటాడు? 'బాగున్నా,' అని పెట్టేస్తాడు. బాగులేనివాడు ఇంకా తొందరగా పెట్టేస్తాడు. 'నీ తుపాకీ బాగులేదయ్యా,' అని చెప్పి చూడు. గంటసేపు మాట్లాడతాడు."

"బాబాయ్ గారూ, వాషర్లు బాగుచెయ్యడం నాకు వచ్చు. పాడుచెయ్యడం నేర్పండి."

ఆయన ఆమె మొహంలోకి చూశారు, వెక్కిరింత ఉందేమోనని. లేదు.

"అది చాలా కష్టమైన విద్య," అన్నారు గంభీరంగా. "అర చుట్టు. అంతే. ముప్పావు చుట్టు తిప్పావా, ఇంటికి చేరేలోపే ఖాళీ."

ఆడవాళ్ళకు గది వచ్చింది. మిచిరు తన ఆఫీసు గదిని వాళ్ళకు ఇచ్చేసి, బల్లా ఫోనూ తెచ్చుకుని వంటశాల మూలన కూరగిన్నెల పక్క వేసుకుంది. అప్పట్నుంచీ నక్కలోయ రసీదులన్నీ కూర వాసన వేస్తాయి. అలమార ఎక్కడిదక్కడే ఉంది. ఎందుకు మనసు మార్చుకున్నావని వరాబి అడిగితే, చేపలు అమ్ముకునేవాడికి అమ్ముడుపోని సరుకు సంగతి చెప్పినా అర్థం కాదంది.

దేవదారుల మధ్య మేపుల్ ఆకులు ఎర్రబడిన ఒక ఆదివారం, ఆట మొదలవబోతోంది. జట్లు రెండూ వరసలు కట్టి నిలబడ్డాయి. మినోబె గారు పీట మీద కూర్చుని ఎవరినో నూనె విషయమై దులిపేస్తున్నారు. గేటు దగ్గర బస్సు దిగి ఒక మనిషి నడిచి వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు, చొక్కా గుండీలన్నీ వాటి వాటి కాజాల్లోనే ఉన్నాయి. పాతవాళ్ళు గుర్తుపట్టి నోళ్ళు తెరిచేలోపే, హిరుమా తిన్నగా పీట ముందుకొచ్చి అందరూ వినేలా అన్నాడు.

"ఏం పెద్దాయనా! ఏడాదిబట్టి చూస్తున్నా, ఒక్క వాషరు సంగతి తేల్చలేకపోయారు. వారం వారం మా ఇంటి ముందు అరుపులు! మీ చేత కాదని నేనే వచ్చాను."

మినోబె గారిని వాషరు విషయంలో వేలెత్తి చూపినవాడు అంతవరకూ పుట్టలేదు. వరాబి రెండడుగులు వెనక్కి వేశాడు, పీట గాల్లోకి లేస్తుందేమోనని. మిచిరు వంటశాల గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

మినోబె గారు పీట దిగారు. అందరి మొహాలూ ఒకసారి చూశారు. మొహమంతా విప్పారిపోతుంటే దాన్ని బిగించలేక అవస్థ పడుతూ, "అవును," అన్నారు. "నాకు చేతకాలేదు. అలమారలో ఉంది. నువ్వే చెయ్యి."

హిరుమా ఆయన పీట మీదే కూర్చుని జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, అరనిమిషంలో బిగించాడు. తొట్టిలో నీళ్ళు పోసి డొక్కను ముంచారు. చుట్టూ మూగిన తలకాయలన్నీ వంగి చూశాయి. ఒక్క బుడగ రాలేదు. మినోబె గారు దాన్ని తుడిచి చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నారు. "బాగుంది," అన్నారు. ఆ మాట ఆయన మెల్లగా అన్నారు, చాలామందికి వినపడలేదు.

"మరింక బుధవారాలు మీరు రానక్కర్లేదు," అన్నాడు హిరుమా లేస్తూ.

మినోబె గారి మొహం కొంచెం వాడింది. "అవున్లే. అక్కర్లేదు."

"నేనే మీ ఇంటికొస్తాను. మీరేమీ మొహమాటపడకండి. ఒక్కరే ఉంటారు కదా, నాకు తెలుసు."

మినోబె గారి నోరు తెరుచుకుంది. ఒక్కణ్ణా, అని ఆ నోరు అడగబోయింది. హిరుమా భుజం మీదుగా ఆయన మిచిరు వైపు చూశారు. మిచిరు ఒక్కసారిగా కూర మాడుతోందని గుర్తొచ్చినట్టు లోపలికి తిరిగిపోయింది. మినోబె గారికి లోకంలో చాలా విషయాలు నెమ్మదిగా అర్థమవుతాయి గాని, అర్థమయ్యాక మాత్రం పక్కాగా బిగుసుకుంటాయి. ఆయన నోరు మూసుకుని, తల దించుకుని, వీలైనంత దిక్కులేని గొంతుతో అన్నారు.

"అవును నాయనా. ఒక్కణ్ణే."

ఆ మంగళవారం సాయంత్రం కజుఎ దగ్గర్నుంచి మిచిరుకు ఫోను వచ్చింది. వెనకాల పిల్లల అరుపులు, పళ్ళేల చప్పుడు.

"అమ్మా, ఈ మనిషికి మళ్ళీ ఏదో పట్టుకుంది. రేపు మధ్యాహ్నం మమ్మల్నందర్నీ ఇంట్లోంచి ఎటైనా పొమ్మంటున్నాడు. పిల్లల చెప్పులు కూడా దాచెయ్యమంటున్నాడు. ఇంతమందిమి ఎక్కడికి పోతామమ్మా?"

"ఇక్కడికి వచ్చెయ్యండి పిన్నీ," అంది మిచిరు, నవ్వు గొంతులో తెలియనివ్వకుండా. "కూర పెద్ద గిన్నెతో వండుతాను."